ముత్యం తొట్టిలో మచ్చల కప్ప

31 ఆగస్టు 1979, శుక్రవారం

గోంగూర కోసం వెళ్ళి కప్పను చూసి వచ్చాను.

మెసయీద్‌లో అన్నీ దొరుకుతాయి, గోంగూర తప్ప. అల్ వుకైర్ దగ్గర ఒక అర్బాబు, అంటే అరబ్బు యజమాని, తోటలో మెట్‌పల్లి మనిషి పని చేస్తున్నాడనీ, అతను గోంగూర పెంచుతున్నాడనీ రిఫైనరీలో ఎవరో చెప్పారట. పొద్దున్నే మా ఆయన కారు తీశాడు. పెళ్ళయి రెండేళ్ళయినా ఫసీయుద్దీన్ గారికి నా మీద ఎంత ప్రేమ ఉందో ఇంకా రూఢి కాలేదు. గోంగూర మీద ఉన్న సంగతి మాత్రం ఇవాళ రుజువైంది.

తోటమాలి పేరు ముత్యం. నలభై ఏళ్ళు ఉంటాయేమో. నా బురఖా చూసి ముందు హిందీలో తడబడ్డాడు. నేను తెలుగులో పలకరించేసరికి చేతిలో పార కింద పెట్టేశాడు.

"ఏ ఊరమ్మా మనది?"

"కరీంనగర్. మంకమ్మతోట."

"అరె, మనోళ్ళే! గింత దూరమొచ్చినంక మన మాట ఇనుడంటె మంచిగనిపిస్తది."

గోంగూర ఒక కట్ట అడిగితే మూడు కట్టలయింది. అప్పుడే వినిపించింది. మోటారు నీళ్ళు పడే సిమెంటు తొట్టి వైపు నుంచి టర్ర్... టర్ర్... అని. ఈ ఇసుకలో, ఈ ఎండలో, కప్ప! గోంగూర ఫసీ చేతిలో పడేసి పరిగెత్తాను. నీటి మీద రెండు కళ్ళు మాత్రం తేలుతున్నాయి. నా నీడ పడగానే నీటి మీదే గెంతుకుంటూ అవతలి గట్టుకి పోయింది. ఒళ్ళంతా నల్ల మచ్చలు.

చెవికి ఎక్కడో తెలిసిన గొంతులా అనిపించింది. ఊరి మీద బెంగ, అంతే.

1 సెప్టెంబరు

ఫసీ డ్యూటీకి వెళ్ళగానే ట్రంకు పెట్టె తెరిచాను. రెండేళ్ళ తరవాత. నా థీసిస్ కాగితాల నిండా కలరా ఉండల వాసన. 'మానేరు పరిసరాల కప్పలు.' నాలుగు అధ్యాయాలు పూర్తి, ఐదోది లేదు. పెళ్ళి కుదిరింది, వీసా వచ్చింది, విమానం ఎక్కాను. ఈ డిసెంబరు ముప్పై ఒకటితో నా రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. గైడు రామచంద్రరావు సార్ పోయిన ఉత్తరంలో స్పష్టంగానే రాశారు: "ఏదైనా కొత్త విషయం చూపిస్తే తప్ప కమిటీ గడువు పొడిగించదు, బిల్కిస్. ఖతర్‌లో కూర్చుని నువ్వేం చూపిస్తావో నాకు తెలియదు."

సార్ మాకు మొదటి ఏడు చెప్పిన పాఠం అమెరికా చిరుత కప్పలది. ఒంటి నిండా మచ్చలు ఉంటాయి కాబట్టి ఆ పేరు. చూడ్డానికి అన్నీ ఒకటేలా ఉంటాయని చాలా ఏళ్ళు అన్నిటినీ ఒకే జాతి కింద కట్టేశారు. చివరికి కొందరు టేపు రికార్డర్లు పట్టుకుని చెరువుల వెంట తిరిగి, మగకప్పలు ఆడకప్పల్ని పిలిచే పిలుపులు విన్నారు. ఒక్కో జాతిది ఒక్కో పిలుపు. పరాయి పిలుపుకి ఆడకప్ప తిరిగి కూడా చూడదు. అట్లా ఒకటి అనుకున్నది కాస్తా ఎన్నో జాతులుగా తేలింది. కంటిని కాదు, చెవిని నమ్మండి అనేవారు సార్.

కాబట్టి ముత్యం తొట్టిలో కప్ప చూడ్డానికి మన బావుల్లో, మానేరులో ఉండే కప్పలా ఉంటే మాత్రం ఏమైంది? ఎడారిలో, ఉప్పు నీళ్ళలో, వేల ఏళ్ళు ఒంటరిగా పడి ఉన్న కప్ప వేరే జాతిగా మారకుండా ఎట్లా ఉంటుంది?

ఆ తొట్టి కట్టి ఎన్నేళ్ళయిందో ముత్యాన్ని అడగాలి.

7 సెప్టెంబరు, శుక్రవారం

పట్టాను! దోమతెరతో. ఫసీ కారులోంచి దిగలేదు. రిఫైనరీలో నిప్పుల పక్కన నిలబడే మనిషి, బొటనవేలంత కప్పకి అద్దాలు ఎక్కించుకుని కూర్చున్నాడు.

నాలుగు కప్పల్ని కొలిచాను. మానేరు కప్ప కన్నా చిన్నవి. మచ్చలు ఇంకా నల్లగా, అంచులు స్పష్టంగా ఉన్నాయి. ఇట్లాంటి మచ్చలు నేను అక్కడ చూడలేదు.

"గీ కప్పలతోని ఏం జేస్తరమ్మా? మందులకా?" అన్నాడు ముత్యం.

"చదువుకి."

"కప్పల సదువా!" కాసేపు నవ్వి, "మా బాయిల గుడ గిసొంటియే ఉంటయి" అన్నాడు.

ఆయనకి చిరుత కప్పల కథంతా చెప్పాను. ఒకేలా కనిపించినవి ఒకటి కావని, పిలుపే అసలు గుర్తని. శ్రద్ధగానే విన్నాడు. ఏదో చెప్పబోయి ఆగి, పార తీసుకుని పోయాడు. సిగ్గరి.

తొట్టి సంగతి అడగడం మర్చిపోయాను.

9 సెప్టెంబరు

బాత్రూము బకెట్లో కప్ప. ఫసీ బ్యాచిలర్ల క్యాంపుకి పోయి స్నానం చేసి డ్యూటీకి వెళ్ళాడు.

14 సెప్టెంబరు, శుక్రవారం

రెండు స్పీకర్ల టేపు రికార్డరు తీసుకెళ్ళాను. ఎండ తగ్గాక, గట్టు మీద కూర్చుని ఒక క్యాసెట్ మొత్తం కప్పల పిలుపులు పట్టాను. ముత్యం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. చివరికి బయటపడ్డాడు.

"అమ్మా, కంపెనీల జేసే మా దోస్తు బుచ్చన్న ఇంటికి వోతున్నడు. నాది గుడ ఒక క్యాసెట్ పంపుదునా అని. మా రూముల మిషన్ క్యాసెట్లన్ని నములుతున్నది."

ఇక్కడ సగం మందికి ఉత్తరం రాయడం రాదు. రాసినా ఇంట్లో చదివేవాళ్ళు ఉండరు. అందుకని క్యాసెట్లో మాట్లాడి, ఊరికి పోయేవాళ్ళ చేతికిస్తారు. అక్కడ వాళ్ళూ క్యాసెట్ నింపి తిరిగి పంపుతారు. నేను ఖాళీ క్యాసెట్ పెట్టి బటన్ నొక్కాను. తొట్టి పక్కనే, కప్పలు అరుస్తుండగానే.

"పోచవ్వా, నేను ముత్యాన్ని మాట్లాడుతున్న. ఇనవడుతున్నదా?" అన్నాడు. భార్య ఎదురుగా ఉన్నట్టే, జవాబు కోసం ఆగాడు. నేను నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాను. ఆ తరవాత గేదె గురించి, కొడుకు జ్వరం గురించి, కందిచేను గురించి మాట్లాడుతూ పోయాడు. ప్రతి సంగతికీ ఒకసారి ఆగాడు. ఆ ఖాళీల్లో కప్పలు అరుస్తూనే ఉన్నాయి. కాసేపటికి నాకు నవ్వు రాలేదు. మా అమ్మీ గుర్తొచ్చింది.

18 సెప్టెంబరు

ఫసీ ఇన్‌స్ట్రుమెంట్ల మనిషి కావడం వల్ల లాభం ఇవాళ తెలిసింది. టేపు రికార్డరు వెనక మూత విప్పి, మోటారు వేగం మార్చే మరను సగం తిప్పాడు. టేపు నెమ్మదిగా తిరుగుతుంటే ఒక్కో పిలుపు విడిపోయి టక, టక, టక అని వినిపిస్తోంది. ఒక పిలుపులో పదకొండు. ఇంకోదాంట్లో పన్నెండు. మళ్ళీ పదకొండు.

"కప్పలేమో పాడుతున్నాయి, బేగం సాహెబా తాళం వేస్తోంది" అన్నాడు. బకెట్టు జోలికి రాకపోతే చాలు, ఎన్ని జోకులైనా వేసుకోమన్నాను.

మానేరు కప్ప పిలుపులో ఎన్ని ఉంటాయో గుర్తు లేదు. నోట్సులో ఉండాలి. వెతికాను, దొరకలేదు. అడుగున ఉన్న కట్ట విప్పలేదనుకోండి.

20 సెప్టెంబరు

బుచ్చన్న రేపు ప్రయాణం. ముత్యం క్యాసెట్‌తో పాటు సార్‌కి నా కట్ట కూడా ఇచ్చాను. బొమ్మలు, కొలతలు, పిలుపుల లెక్క, ఎనిమిది పేజీల వ్యాసం. జాతి పేరు కూడా పెట్టాను: వుకైరెన్సిస్. కొత్త జాతి పేరు పక్కన దాన్ని కనుక్కున్నవాళ్ళ పేరు రాస్తారు. మనిషి పోయినా ఆ పేరు అట్లాగే ఉంటుంది. నేను రాసి చూసుకున్నాను. ఒక్కసారి కాదు, ఒక పేజీ నిండా.

12 అక్టోబరు, శుక్రవారం

సార్ జవాబు! నాలుగుసార్లు చదివాను, ఐదోసారి ఫసీకి చదివి వినిపించాను. కమిటీ ఒక ఏడాది గడువు పొడిగించింది. డిసెంబరులో బెంగళూరు సభలో సార్ స్వయంగా నా వ్యాసం చదువుతారట. "నేను మార్చిలో రిటైరవుతున్నాను. ముప్పై ఏళ్ళలో నా శిష్యులెవరూ కొత్త జాతిని కనుక్కోలేదు. నేనూ కనుక్కోలేదు" అని రాశారు.

చివర ఒక వాక్యం. "మన మానేరు కప్ప పిలుపుతో పోల్చే ఉంటావు కదా?"

సాయంత్రం జవాబు రాశాను. పోల్చాను అని రాయలేదు. పోల్చలేదు అనీ రాయలేదు. ఇక్కడ ఎండలు తగ్గుముఖం పట్టాయని రాశాను.

31 అక్టోబరు

బక్రీద్. ముత్యానికి బిర్యానీ పట్టుకెళ్ళాం. కప్పలు పదహారు.

9 నవంబరు, శుక్రవారం

బుచ్చన్న తిరిగి వచ్చాడు, పోచవ్వ క్యాసెట్‌తో. వినడానికి మిషన్ నాది కాబట్టి తోట షెడ్డులో అందరం కూర్చున్నాం. ముత్యం తలకు నూనె రాసుకుని వచ్చాడు.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

"ఇగో, ఇనవడుతున్నదా? నేను పోచవ్వను. నీ క్యాసెట్ అచ్చింది. వాడకట్టోళ్ళందరం గూసుండి ఇన్నం. అత్తమ్మ రెండుసార్లు ఏడ్సింది. పోరనికి జరం తగ్గింది. బర్రె ఈనింది. మంచిగనే మాట్లాడినవ్ గని, నీ ఎనక గా కప్పల లొల్లేంది? గవి మన బాయి కప్పలే. నాకు ఎర్క లేదా? పోయినేడు బొంబాయిల ఓడెక్కంగ డబ్బల కొర్రమీను పిల్లల్ని తీస్కపోయినవ్ గద, దుబాయ్‌ల పెంచుత అనుకుంట. నీళ్ళు గూడ మన బాయియే వోసుకున్నవ్. గా నీళ్ళల్ల కప్పపిల్లలు గుడ వోయినయ్! నేను అప్పుడే జెప్పిన, బట్టల వడగట్టి వోసుకో అని. నా మాట నువ్వు ఎన్నడిన్నవ్?"

తరవాత ఆమె నడుస్తున్న చప్పుడు. వాన చప్పుడు. "ఇగో, నువ్వే ఇను" అని మిషన్‌ను బావి దగ్గర పెట్టింది. టర్ర్... టర్ర్... టర్ర్... రెండు నిమిషాలు.

బుచ్చన్న పడీ పడీ నవ్వాడు. ఫసీ కూడా నవ్వాడు, నన్ను చూసి ఆపేశాడు. ముత్యం తల వంచుకున్నాడు.

"తప్పయిందమ్మా. కొర్రమీను సప్పరిచ్చుకుంట తినాలె అనుకున్న. గీ ఉప్పు నీళ్ళకు చేపలు ఒక్కటి గుడ బత్కలే. కప్పలు బత్కినయ్. అర్బాబుకు తెలుస్తదని ఎవ్వలికి చెప్పలే."

"నాకైనా చెప్పచ్చు కదా, ముత్యం?"

"మీరు గంత సంబురంగ తిరుగుతుంటె ఎట్ల జెప్పాలె?"

10 నవంబరు

ఉష్ణోగ్రత తేడా ఉంటుంది. చలికి పిలుపు నెమ్మదిస్తుంది, వేడికి వేగం పెరుగుతుంది. కాబట్టి ఆ రెండు టేపుల్నీ పోల్చడానికి లేదు.

11 నవంబరు

పోచవ్వ శాస్త్రవేత్త కాదు.

12 నవంబరు

సార్ మార్చిలో రిటైరవుతారు.

13 నవంబరు

ముత్యం దగ్గర ఆ క్యాసెట్ అడిగి తెచ్చాను. మోటారు నెమ్మది చేసి లెక్కపెట్టాను. వేడికి వేగం మారుతుంది కానీ పిలుపులో ఎన్ని టకటకలు ఉన్నాయన్నది అంతగా మారదు. పదకొండు. పన్నెండు. పదకొండు. ఆ తరవాత ట్రంకు పెట్టెలో అడుగున ఉన్న కట్ట విప్పాను. నా చేతి రాతే, 1975 ఆగస్టు, మానేరు ఒడ్డు: పదకొండు, పన్నెండు.

మచ్చలు వేరు కదా అనుకున్నాను. అప్పుడు పాఠంలో రెండో సగం గుర్తొచ్చింది. చిరుత కప్పల్లో అసలు మచ్చలే లేని వాటిని ఒకప్పుడు వేరే జాతి అన్నారు. అవి ఆ జాతివే, మచ్చల కప్పల తోబుట్టువులే అని తేలింది. ఒకేలా ఉన్నవి వేరు కావచ్చు, వేరుగా ఉన్నవి ఒకటి కావచ్చు అని సార్ రెండూ చెప్పారు. సెప్టెంబరు ఒకటో తారీకు పేజీ తిరగేసి చూశాను. నాకు పనికొచ్చే సగమే రాసుకున్నాను.

16 నవంబరు, శుక్రవారం

ఇవాళ అల్ వుకైర్ వెళ్ళలేదు. ఫసీ చాయ్ పెట్టి తెచ్చాడు. అది ఎంత పెద్ద సంగతో ఈ ఇంట్లో ఉండేవాళ్ళకే తెలుస్తుంది.

"ఎవరికి తెలుస్తది, బిల్కిస్? ముత్యం నోరు విప్పడు. బుచ్చన్నకి నవ్వుడు తప్ప ఏం తెల్వదు. నేనైతే కప్ప పేరెత్తితేనే పారిపోతా. వ్యాసం చదవనీ. డాక్టర్ అయిపో. తరవాత చూద్దాం."

"మానేరులో ఆడకప్ప ఉంది కదా. ఆ టేపు వినిపిస్తే తిన్నగా వచ్చేస్తుంది."

ఫసీ నా మొహం చూసి, కప్పు నా చేతిలో పెట్టి పక్కన కూర్చున్నాడు. అప్పుడు చెప్పాను, ఈ పుస్తకంలో కూడా రాయనిది. నాలుగేళ్ళు మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి విన్న పిలుపు అది. మొదటి శుక్రవారం గోంగూర నీ చేతిలో పడేసి పరిగెత్తినప్పుడే గుర్తుపట్టాను. బెంగ కాదు. నా చెవికి అంతా తెలుసు. నేనే దాని నోరు మూశాను.

"ఎందుకు?" అన్నాడు. నిందించినట్టు కాదు, నిజంగానే తెలియక.

"ఇక్కడికి వచ్చాక నన్ను అందరూ ఫసీయుద్దీన్ వైఫ్ అంటున్నారు. అందుకు."

చాయ్ చల్లారిపోయింది. చక్కెర వెయ్యడం మరిచిపోయాడని అప్పుడు తెలిసింది, కానీ తాగాను.

18 నవంబరు

ఫసీ సెలవు పెట్టి పోస్టాఫీసుకి తీసుకెళ్ళాడు. టెలిగ్రాం ఫారం మూడుసార్లు రాసి చింపాను. మొదటిదాంట్లో ఉష్ణోగ్రత ఉంది. రెండోదాంట్లో కొర్రమీను ఉంది. మూడోదాంట్లో క్షమించండి అని మూడుసార్లు ఉంది. నాలుగోది పంపాను.

కొత్త జాతి కాదు. మానేరు కప్పే. ముందే తెలుసు. బిల్కిస్.

"ఇంతేనా?" అన్నాడు కౌంటర్లో మలయాళీ అతను.

ఇంతే అన్నాను. బయటికి వచ్చి కారులో కూర్చుని ఏడ్చాను. ఫసీ ఏసీ పెంచి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. ఎందుకు ఏడుస్తున్నావని అడగనందుకు ఆయన మీద ప్రేమ కలిగింది.

3 డిసెంబరు

సార్ ఉత్తరం. ఒకే పేజీ.

"నీ టెలిగ్రాం కమిటీలో నేనే చదివాను. వ్యాసం వెనక్కి తీసుకున్నాం. పొడిగించిన గడువు కూడా పోయింది. పాత గడువు ప్రకారం ముప్పై ఒకటితో నీ రిజిస్ట్రేషన్ ముగుస్తుంది. ఇందులో నేను చేయగలిగింది లేదు, ఆశ పెట్టుకోకు.

"నీ లెక్కల్లో పదకొండు, పన్నెండు అని చూడగానే నాకు అనుమానం వచ్చింది. ఆ అంకెలు నేనెరగనివా? మానేరుతో పోల్చావా అని అడిగాను. నువ్వు ఎండల గురించి జవాబు రాశావు. మళ్ళీ అడగాల్సింది. అడగలేదు. నాకూ అది కొత్తది కావాలనిపించింది, బిల్కిస్. నీకన్నా ఎక్కువగా. నువ్వు ఆగావు. నువ్వు ఆగకపోతే నేను బెంగళూరులో నిలబడి చదివేసేవాణ్ణి."

ఇక ఐదో అధ్యాయం లేదు. నాలుగేళ్ళ పని పోయింది. చాలా బాధగా ఉంది. వేరేగా రాయడానికి ఏమీ లేదు.

7 డిసెంబరు, శుక్రవారం

ఇంట్లో గోంగూర ఉంది. అయినా కారు తీయమన్నాను. ఫసీ ఎందుకని అడగలేదు, తాళాలు తీసుకున్నాడు.

ముత్యం గేటు దగ్గరే కనిపించాడు. "ఇగ రారేమో అనుకున్ననమ్మా" అన్నాడు. పోచవ్వకి ఇంకో క్యాసెట్ నింపాలట. నలుగురిలో తిట్టినందుకు ముందు ఆమెతో క్షమాపణ చెప్పించుకోవాలా, తనే చెప్పాలా అని అడిగాడు. నువ్వే చెప్పు, నీళ్ళు వడగట్టనిది నువ్వు కదా అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

గాలి చల్లగా ఉంది. బురఖా అంచు తడవకుండా ఎత్తి పట్టుకుని గట్టు మీద కూర్చున్నాను. ఫసీ కారు దిగి, నాకు పది అడుగుల దూరం దాకా వచ్చాడు. అంతకన్నా రాలేదు. తొట్టి మూలన గుడ్లున్నాయి, తోకలు పోని పిల్లలున్నాయి. ఈ సముద్రం ఇవతల పుట్టినవి. పెద్దవాటిని లెక్కపెట్టాను. ఒకటి మునిగితే మొదటి నుంచి మళ్ళీ లెక్కపెట్టాను.

"ఎన్ని?" అన్నాడు ఫసీ అక్కడి నుంచే.

ఇరవై మూడు. ఏ అధ్యాయంలోకీ కాదు.